వాక్యం విన్న వారంలోనే ఒక్క పని చేయడం ఎలా

మా సంఘంలో ఆదివారం ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునేటప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఇయ్యాల వాక్యం బాగా తాకింది వదినా." నేనూ ఏళ్ల తరబడి అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ బుధవారం పత్తి చేన్లో ఎవరైనా ఆపి "ఏం తాకింది? తాకినంక ఏం చేసినవ్?" అని అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

"మీరు వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునైయుండుడి" అని యాకోబు రాశాడు (1:22). విని ఊరుకుంటే మోసపోయేది మనమేనట. పరకాల దగ్గర మా ఊళ్లో నాలుగెకరాల పత్తి, కొంచెం మిరప చేసుకుంటూ ఏడెనిమిదేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీరు కాజీపేట ఫాతిమా కెథడ్రల్‌కు పోయే కతోలికులైనా, హన్మకొండ బాప్టిస్టులైనా, దోర్నకల్ డయాసిస్ సీఎస్ఐ వాళ్లైనా ఇందులో అడ్డొచ్చేది ఏమీ లేదు. ఒక బైబిలు, ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు.

మొదటి పని: వారానికి ఒక్క ముక్కే తీసుకోండి

రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో బైబిలంతా చదివే పట్టిక మంచిదే, నేనూ రెండుసార్లు పూర్తి చేశాను. అది తెలుసుకోవడానికి పనికొస్తుంది. బతుకులో పెట్టుకోవడానికి మాత్రం వారానికి ఒక్క వచనం, లేదా ఒక్క సంఘటన చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యాకోబు పత్రిక పట్టుకోండి. ఐదే అధ్యాయాలు, 108 వచనాలు. నాలుక, కూలి, ధనవంతుల మీద పక్షపాతం, రోగుల కోసం ప్రార్థన, అన్నీ ఇంటి సంగతులే. ఆ తర్వాత సామెతలు. 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి చదువుకోవచ్చు. ఆ తర్వాత మత్తయి 5 నుంచి 7 దాకా, కొండమీది ప్రసంగం. కష్టమైనది కాబట్టే దాన్ని చివరకు ఉంచాను.

ఆ వచనాన్ని ఒంటరిగా తీసుకోకండి. అది ఎవరికి, ఎప్పుడు చెప్పిన మాటో చూడండి. జనవరి ఒకటిన వాగ్దానపు కార్డు తీస్తాం కదా, మా ఇంట్లో ఒక ఏడు యిర్మీయా 29:11 వచ్చింది. సమాధానకరమైన ఉద్దేశాలు, హానికరమైనవి కావు అన్న మాట. మా చిన్నోడి ఉద్యోగానికి దేవుడిచ్చిన మాటే అనుకుని గోడకు అంటించాం. చాలా రోజుల తర్వాత అధ్యాయం మొత్తం చదివాను. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం. పైవచనంలోనే డెబ్బై ఏండ్లు గడవాలని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇంటి ముఖం చూడరు. ఇంకా పైకి పోతే, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. ఆ వారం నాకు దొరికిన పని ఉద్యోగం గురించి ఎదురుచూడటం కాదు. మా వాడలో నెలరోజులుగా మురికినీళ్లు నిలిచిన కాలువను ఇద్దరం కలిసి తోడెయ్యడం. మేమున్న పట్టణం అదే కదా.

రెండో పని: మీ ఇంటి మాటలో తిరగరాయండి

తెలుగు బైబిలు భాష అందమైనది. మా అత్తమ్మ చదువుకోలేదు, అయినా వినీ వినీ కీర్తనలు నోటికి చెప్పేది. కానీ ఆ గంభీరమైన మాటల వెనక మనం దాక్కోవచ్చు. "దొంగత్రాసు యెహోవాకు హేయము" (సామెతలు 11:1) అని పాడినట్టు చదివితే నాకు ఏమీ కాలేదు. "నీ కాంటా తప్పు చూపిస్తే దేవునికి కడుపులో దేవినట్టయితది" అని నోటుబుక్కులో రాసుకున్న రోజు పెన్ను కింద పెట్టాను.

మీరూ అట్లనే చేయండి. కూలి అని ఉన్నచోట కైకిలి అనుకోండి. వడ్డీ అని ఉంటే మిత్తి. సహోదరుడు అని ఉంటే తమ్ముడో, బావో, యారాలో (తోటికోడలో). యాసలో రాస్తే అగౌరవమేమో అని సందేహం వద్దు. చచ్చిపోయిన పిల్లను యేసు లేపినప్పుడు పలికిన మాటలను మార్కు ఆ ఇంటి భాషలోనే ఉంచాడు: "తలీతాకుమీ", ఓ చిన్నదానా లెమ్ము. యేసు ఎవరో నాకు తెలియదన్న పేతురును చలిమంట దగ్గర పట్టించింది కూడా అతని గలిలయ యాసే. "నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది" అన్నారు (మత్తయి 26:73). మాట్లాడితే చాలు ఏ ఊరోళ్లమో తెలిసిపోయే మనకు ఆ సంగతి చదివితే దగ్గరగా అనిపిస్తుంది.

మూడో పని: ఆ వాక్యం ఎవరి మీద పడుతుందో పేరు రాయండి

ఈ పద్ధతికి వెన్నెముక ఇదే. మిగతావి వదిలేసినా ఇది వదలకండి.

పత్తి మొదటి ఏరుడు మాకు దసరా, దీపావళి మధ్య వస్తుంది. ఒక ఏడు పన్నెండు మంది ఆడవాళ్లు రెండు రోజులు ఏరారు. దాదాపు 1,200 కిలోలు. ఆ ఏడు కిలోకు పది రూపాయలు, అంటే మొత్తం పన్నెండు వేల రూపాయల కైకిలి. మా ఊళ్లో అందరూ చేసినట్టే నేనూ "పత్తి అమ్మినంక ఇస్తా" అన్నాను. పత్తిని ఇంట్లో నిలువ చేసి, ధర పెరుగుతుందేమో అని చూసి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలి, డబ్బు చేతికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది. మధ్యలో ఒక పెద్దమ్మ రెండుసార్లు మా గడపకు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు నేను ఉపవాస కూడికకు పోతూ తలుపు తాళం వేస్తున్నాను. ఏమీ అడగలేదు. నా చేతిలో బైబిలు చూసి, "పోయిరా బిడ్డా" అని పక్కకు జరిగింది.

ఆ కూడికలో చదివింది లేవీయకాండం 19వ అధ్యాయం. "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు" (19:13).

ఆ రాత్రి నోటుబుక్కులో మొదట "కూలివాళ్లు" అని రాశాను. అట్లా రాసినంతసేపూ ఏమీ కదలలేదు. దాన్ని కొట్టేసి పన్నెండు పేర్లు ఒకదాని కింద ఒకటి రాశాను. ఐదో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి మొగుడు మంచం మీద ఉన్నాడని గుర్తొచ్చింది. ఎనిమిదో పేరు దగ్గర ఆమె బిడ్డ కాలేజీ ఫీజు గుర్తొచ్చింది. ద్వితీయోపదేశకాండం 24:15 చూస్తే కారణం కూడా అక్కడే ఉంది: పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యాలి, ఎందుకంటే వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. యాకోబైతే ఇంకా గట్టిగా చెప్పాడు, మనం బిగపట్టిన కూలి మొరపెడుతుందని (5:4). మనిషి నోరు తెరవకపోయినా ఆ పైసలే అరుస్తాయన్నమాట. పెద్దమ్మ ఏమీ అడగలేదు కాబట్టి తప్పు లేదనుకున్న నా లెక్క అక్కడ చెల్లలేదు.

తెల్లారి చేతిలో ఉన్నంత, యారాలి దగ్గర చేబదులు తీసుకున్నంత కలిపి పన్నెండు ఇండ్లకూ పోయి ఇచ్చాను. వాళ్లను మా ఇంటికి పిలవలేదు. ఆలస్యం చేసింది నేను కాబట్టి నేనే పోవాలి అనిపించింది.

పేరు రాయడం వల్ల ఇంకొకటి బయటపడింది. ఏరిన పత్తి తూచేటప్పుడు గోనెకు, తేమకు అని ఒక్కో మూటకు రెండు కిలోలు కోసేవాళ్లం. ఖాళీ గోనెను కాంటాకు వేలాడదీసి చూస్తే కిలో కూడా లేదు. మార్కెట్లో మన పత్తికి తేమ పేరుతో కోత పెడితే ఎంత గొడవ చేస్తాం! అదే పనిని మా చేను గట్టు మీద నేను చేస్తున్నాను. ఇప్పుడు ముందు ఖాళీ గోనెను ఏరినవాళ్ల ముందే తూచి, ఆ బరువే తీసేస్తాం.

కైకిలి ఏ రోజుది ఆ రోజు ఇవ్వాలంటే మంచి మనసు ఒక్కటే సరిపోదు, ఏర్పాటు కావాలి. ఇది రైతులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మొదటి ఏడు డబ్బు లేక నలుగురినే పిలిచి, మేమిద్దరం కూడా ఏరి, రెండు రోజుల పనిని వారం సాగదీశాం. మధ్యలో కొంత పత్తిని ఊళ్లోనే తక్కువ ధరకు అమ్మాల్సి వచ్చింది. ఆ నష్టం నాకు నొప్పిగానే ఉండింది. మరుసటి ఏడు నుంచి చివరి పత్తి అమ్మిన రోజే వచ్చే సీజను మొదటి ఏరుడుకు పన్నెండు వేలు పక్కకు తీసి పోస్టాఫీసులో వేస్తున్నాం. విత్తనాలకు, యూరియాకు దాన్ని ముట్టం. ఇందుకు దేవుడు పంట రెట్టింపు చేశాడని నేను చెప్పను. మా చేనును కూడా ఆ ఏడు గులాబీ రంగు పురుగు తిన్నది. చేసిన ప్రతి మంచికీ లాభం సాక్ష్యంగా చెప్పే అలవాటు మన కూడికల్లో పెరిగింది, అది మంచిది కాదని నా గట్టి నమ్మకం. కూలి ఇచ్చింది అది వాళ్లది కాబట్టి.

మీకు పొలం లేకపోవచ్చు. ఇంట్లో బట్టలుతికే ఆమె ఉంటుంది, ఆటో డ్రైవరు ఉంటాడు, షాపులో పనిచేసే పిల్లలుంటారు. పేరు మాత్రం రాయండి.

నాలుగో పని: గడువు పెట్టుకోండి, పొద్దుగూకే లోపు అయితే మంచిది

"ఇకనుంచి కోపం తగ్గించుకుంటాను" అని రాసుకుంటే అది ఎన్నటికీ మొదలుకాదు. "గురువారం సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేస్తాను" అని రాస్తే శుక్రవారం పొద్దున చేశామో లేదో తెలిసిపోతుంది. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" (ఎఫెసీయులకు 4:26) అని పౌలు కూడా కోపానికి గడియారమే పెట్టాడు.

మత్తయి 5:23, 24 వచనాల గురించి ఒక మాట. బలిపీఠం దగ్గర కానుక పెడుతుంటే గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు పోయి సహోదరునితో సమాధానపడు అని ఉంది. ఏం గుర్తొస్తే? మన మీద అతనికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే. మనకు అతని మీద ఉన్న కోపం గురించి కాదు ఆ మాట. నేను ఎన్నో ఏళ్లు తలకిందులుగా చదివాను. యారాలికీ మాకూ గెట్టు పంచాయితీ. ట్రాక్టరు తోలినప్పుడల్లా గెట్టు మా వైపు జరిగిందని మాకు, వాళ్ల వైపు జరిగిందని వాళ్లకు. "నేనైతే క్షమించిన" అనుకుని నిశ్చింతగా కానుక వేసేదాన్ని. ఆమెకు నా మీద ఏముందో ఎన్నడూ అడగలేదు. కైకిలి కోసం చేబదులు ఇచ్చింది కూడా ఆమే, ఇచ్చేటప్పుడు ముఖం చూడకుండా ఇచ్చింది.

పోయేటప్పుడు పాటించాల్సినవి నాకు తెలిసినంతలో చెబుతాను. ఒక్కరే పోండి, పాస్టరు గారినో పెద్దమనుషులనో వెంట తీసుకుపోతే అది పంచాయితీ అవుతుంది. చేతిలో బైబిలు వద్దు. వచనం నోట రానివ్వకండి. "నా వల్ల నీకు ఏం బాధయింది, చెప్పు" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పేది సగం తప్పైనా అడ్డుపడకండి. నేను మొదటిసారి అడ్డుపడ్డాను, ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. రెండోసారి పోయినప్పుడు చెప్పింది. గెట్టు గురించి కానే కాదు. వాళ్ల నాయన చచ్చిపోయినప్పుడు పదకొండో రోజుకు నేను పోలేదట. నిజమే, పోలేదు. పొలానికి నీళ్లు పెట్టే వంతు ఉండె.

ఇప్పుడు మాట్లాడుకుంటాం. గెట్టు మాత్రం ఇంకా తేలలేదు, సర్వే చేయించాలి.

ఇయ్యడం గురించి

మన దగ్గర ఇయ్యడం అనగానే దశమభాగం లెక్క వస్తుంది. దాని గురించి మీ సంఘం చెప్పేది వినండి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను చెప్పాలనుకునేది పరిగె గురించి. పొలం ఓరలు పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరవద్దు, బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి అని లేవీయకాండం 19:9, 10లో ఉంది. రూతు బతికింది ఆ పరిగెతోనే. ఆమె కోసం పనలలోంచి కొన్ని లాగి పడవెయ్యమని బోయజు పనివాళ్లకు చెప్పాడు (రూతు 2:16). ఆమె చేయి చాపలేదు. పొద్దంతా వంగి ఏరుకుని, దుళ్లగొట్టుకుని, తలెత్తుకుని అత్త దగ్గరికి పోయింది.

నా చిన్నప్పుడు వరికోత అయిన మడిలో పరిగె ఏరే పిల్లలు గుంపులుగా ఉండేవాళ్లు. ఇప్పుడు హార్వెస్టర్ వచ్చి గంటలో కోసిపోతుంది. వాక్యం ఉంది, పరిగె లేదు. అట్లాంటప్పుడు ఏం చేయాలి? మేము చేసేది చివరి ఏరుడు వదిలేయడం. జనవరి నెలలో గిడసబారిన కాయల్లో మిగిలే పత్తి మాకు పెద్దగా గిట్టదు. ట్రాక్టరుతో దున్నే తేదీని పదిహేను రోజులు వెనక్కి జరిపి, పనికి ఎవరూ పిలవని ముసలివాళ్లను "మీకు ఏరుకోబుద్ధయితే ఏరుకోండి" అని ముందే చెబుతాం. మీది కిరాణం అయితే, టైలరింగు అయితే, మీ ఓర ఎక్కడుందో మీకే తెలుస్తుంది. మా నాయనమ్మకు పొలం లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం వేరే కుండలో వేసేది, ఆదివారానికి ఆ కుండ సంఘానికి పోయేది. ఆమె ఓర అంతే.

క్రిస్మస్‌కు మెదక్ చర్చికి పోయేవాళ్లు చాలామంది. 1924లో ప్రతిష్ఠ చేసిన ఆ గుడి రంగు అద్దాలను అందరూ చూస్తారు. కరువు రోజుల్లో తిండి లేని జనానికి పని చూపి అన్నం పెట్టడానికి మిషనరీ పోస్నెట్ దొర ఆ కట్టడం చేయించాడన్న సంగతి పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పండి. అదీ పరిగె లాంటిదే.

ఇక్కడ జాగ్రత్త

మీ నోటుబుక్కులో రాసుకున్న వాక్యం మీ కోసం. కోడలికి, మొగుడికి, పక్కింటివాళ్లకు వర్తించే వచనాలు వెతికితే వెంటనే దొరుకుతాయి. ఎదుటివాడి కంట్లో నలుసు చూస్తాం, మన కంట్లో దూలం చూసుకోం అన్న యేసు మాట మీకు తెలిసిందే.

సహించడం, క్షమించడం అన్న వచనాలను చూపి, తన్నులు తింటున్న ఆడమనిషిని ఆ ఇంట్లోనే ఉండమని చెప్పకండి. అట్లా చెప్పిన పెద్దలను చూశాను, నేను కూడా ఒకసారి చెప్పాను, ఈ రోజుకీ నాకు అది భారంగా ఉంది. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమెకు ఇవ్వండి, ఆమె వెంట నిలబడండి, తర్వాత కలిసి ప్రార్థన చేయండి.

ప్రార్థన చేశాం కదా అని బీపీ, షుగరు మాత్రలు ఆపకండి. గాయపడినవాడిని చూసిన సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు, సత్రానికి తీసుకుపోయాడు, ఖర్చు పెట్టాడు (లూకా 10). లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడు అన్నాడు (కొలొస్సయులకు 4:14). వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయే బస్సెక్కడం అవిశ్వాసం కాదు.

నేను చేయలేకపోతున్నదీ ఒకటుంది. బీదవానికి అప్పిస్తే మిత్తి తీసుకోవద్దని నిర్గమకాండం 22:25. నా దగ్గర ఉన్న కొద్దిపాటి పైసలు నూటికి రెండు రూపాయల మిత్తికి తిరుగుతున్నాయి. ఏడాదికి లెక్కేస్తే 24 రూపాయలు. మందులకు, చావుకు అడిగినవాళ్లకు మిత్తి లేకుండా ఇవ్వడం మొదలుపెట్టాను. మిగతాది ఇంకా వదల్లేదు. ఆ పేజీ మూలను మడిచి ఉంచాను, అక్కడ కూడా పేర్లు రాసి ఉన్నాయి.

శనివారం రాత్రి

పదినిమిషాలు చాలు. పేరు చూడండి, పని చూడండి, చేస్తే తేదీ వేయండి. చేయకపోతే ఎందుకు చేయలేదో ఒక్క వరుసలో రాయండి. "టైం దొరకలేదు" అని వరుసగా మూడు వారాలు వస్తే అసలు కారణం అది కాదు, ఇంకోటి వెతకండి. నాకు చాలాసార్లు అది సిగ్గు. చేయని వాక్యాన్ని వదిలి కొత్తదానికి పోకండి, మరో వారం అదే ఉంచండి. లేవీయకాండం 19:13 నా పుస్తకంలో ఐదు వారాలు ఉంది.

ఈ వారం పేజీలో సామెతలు 3:28 ఉంది. "ద్రవ్యము నీయొద్ద నుండగా రేపు ఇచ్చెదను పోయి రమ్మని నీ పొరుగువానితో అనవద్దు." మా మాటలో: "ఉంచుకొని రేపు రమ్మనకు." పేరు: ఆ రోజు గడపలో నిలబడ్డ పెద్దమ్మ. పని: పింఛను కాగితాల కోసం ఆమెను పరకాలకు వెంట తీసుకుపోవడం, మంగళవారం, పొద్దున అంబటాళ్లకు ముందే. ఇయ్యాల సోమవారం.